వాన మీద నింద

మొన్న పొద్దున కాఫీ తాగుతూ ఫోను తెరిస్తే చింతాద్రిపేట మందిరం వాళ్ళ గ్రూపులో ఒక సందేశం కనిపించింది. అప్పటికి కొన్ని రోజులుగా ముసురు. పెరంబూరులో మా వీధి చివర నీళ్ళు మోకాటిదాకా నిలిచి, రైల్వే క్వార్టర్స్ గోడ పక్కన ఎవరిదో స్కూటరు సగం మునిగి ఉంది. సందేశం ఇది: "వరుణదేవుని ప్రకోపం వల్ల మన వీధి జలమయమైనది. కావున ఆదివారం ఉదయం అతివృష్టి దోష పరిహారార్థం శాంతి హోమం జరుగును. భక్తులందరూ రావలెను." దాని కింద జోడించిన చేతుల బొమ్మలు బారులు తీరి ఉన్నాయి. నాకు విడిగా ఇంకో మాట పెట్టారు: "అక్కా, ఈసారి మీరూ బావగారూ పీటల మీద కూచోవాల." కాఫీ చల్లారింది గానీ నా ఒళ్ళు మాత్రం భగ్గుమంది.

ఈ మధ్య టీవీ పెడితే చాలు, దేవతలందరూ నేరస్థులే. ఎండాకాలం వస్తే "భానుడి భగభగలు" అంటారు. చలికాలం రాగానే "పంజా విసిరిన చలిపులి" అంటారు. చెన్నైలో చలికి పులి కాదు గదా పిల్లి కూడా లేదు. మార్గళి నెలలో, అదే ధనుర్మాసంలో, ఫ్యాను ఒక నంబరు తగ్గించుకోవడమే మాకు చలి. వాన వస్తే ఇక చెప్పనే అక్కర్లేదు. "పగబట్టిన వరుణుడు", "వరుణుడి బీభత్సం". పొద్దున దోసిలి పట్టి అర్ఘ్యం ఇచ్చిన సూర్యుడు మధ్యాహ్నం వార్తల వేళకు ముద్దాయి అయిపోతాడు. తెలియని వాళ్ళు ఈ మాటలు అన్నారంటే సరే. రోజూ దీపం వెలిగించి, తీర్థం పుచ్చుకుని, శఠగోపం కింద తల వంచేవాళ్ళు, మా మందిరం వాళ్ళు, అదే నిందను సంస్కృతంలో కట్టి దేవుడి ఎదుటే చదవబోతున్నారు. నాకు మండింది అందుకు. పైగా ఆ నింద నాకు కొత్తది కాదు. ఆ మందిరంలోనే, ఆ మాట మీదే, మా అత్త పురాణం చదివే పీట పోగొట్టుకుంది.

మా మేనత్త, అంటే నాన్నకు అక్క, చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. నాన్నది రైల్వే ఉద్యోగం, మేము పెరంబూరులో ఉండేవాళ్ళం. ఆమె మాత్రం చింతాద్రిపేటలో మా చిన్నాయన ఇంట్లో ఉండేది. చిన్నాయన నాన్నకు తమ్ముడు, కాగితాల టోకు వ్యాపారి, మందిరం కమిటీకి పెద్ద. కాలేజీ దగ్గరని నన్నూ కొన్నాళ్ళు ఆ ఇంట్లోనే ఉంచారు. ఇల్లు కూవం ఒడ్డుకు కూతవేటు దూరం. గాలి అటునుంచి వీచిన పొద్దున ఇడ్లీకి కూడా కూవం రుచి వచ్చేది. దీపాలు పెట్టే వేళకు అత్త మందిరానికి వెళ్ళి, ఎర్రగుడ్డ పరిచిన పీట మీద కూచుని పురాణం చదివేది. చదివి ఊరుకోదు, అర్థం చెప్పేది, అదీ మా మదరాసు తెలుగులో. "అప్పుడా రాజు ఏమన్నాడో తెలుసునా? సరిపో, నీ వరం నువ్వే పెట్టుకో అనేసినాడు" అంటే కొట్లు కట్టేసి వచ్చిన వర్తకులు పంచెలు సర్దుకుని నవ్వేవాళ్ళు. ఆడమనిషి పీట ఎక్కడమేమిటని మొదట గొణిగిన వాళ్ళు కూడా, ఆమెకు జ్వరం వచ్చి రాని సాయంత్రం ఇంటికొచ్చి అడిగి పోయేవాళ్ళు. నాకు నాలుగు శాస్త్రం ముక్కలు వచ్చాయంటే అవి కాలేజీ చెప్పినవి కావు, ఆ పీట ముందు చాప మీద కూచుని విన్నవి.

ఆమెకు మాటల పట్టింపు ఎక్కువ. మన ఇళ్ళలో దీపం ఆరిపోయిందని అనరు, కొండెక్కిందంటారు. బియ్యం అయిపోయాయని అనరు, నిండుకున్నాయంటారు. ఇవన్నీ అందరిళ్ళలోనూ ఉన్నవే. అత్త ఈ మర్యాదను ఆకాశం దాకా తీసుకుపోయింది. "వాన పోయింది" అంటే ఒప్పుకునేది కాదు. "పోయేది మనుషులే. వాన వెలుస్తుంది" అనేది. "పాడు ఎండ" అన్నామా, ఆ పూట మజ్జిగ ఉండదు. తుంపరకు గొడుగు తీస్తే నవ్వేది. జల్లయితే అరుగెక్కమనేది. జడి పట్టిందంటే వంటింట్లో తాడు కట్టి తడిబట్టలు ఆరేసేది, రెండు రోజులు మా లంగాలన్నీ తాలింపు వాసన కొట్టేవి. ఇన్ని పేర్లున్న దాన్ని పట్టుకుని మనం ఒక్క "బ్యాడ్ వెదర్" అని తేల్చేస్తున్నాం. ఒకసారి నేను కాలేజీ నుంచి తడిసి వచ్చి "చెడ్డ వాన" అన్నాను. అత్త తువ్వాలు చేతికి ఇవ్వకుండా అడిగింది: "వానకి చెడ్డతనం ఏందే? గొడుగు మరిచిపోయింది వానా, నువ్వా?" అలా అని ఆమెకేమీ ఇబ్బంది రాలేదని కాదు. మిద్దె మీద వడియాలు పెట్టిన రోజే మబ్బు కమ్మితే ఆమె కొంగు దోపుకుని మెట్లెక్కే వేగం చూడాలి. అప్పుడు కూడా వరుణుడికి సాకు తనే వెతికేది: "పాపం, అంత ఎత్తు నుంచి మన వడియాలు ఆయనకి యాడ అగుపడతాయి?"

ఇక సంకల్పం సంగతి. పూజకు ముందు అరచేతిలో అక్షతలూ నీళ్ళూ పట్టుకుని, ఏ చోట, ఏ ఏడు, ఏ ఋతువులో, ఏ నెలలో, ఏ తిథిన, ఎవరు, ఎందుకు ఈ పూజ చేస్తున్నారో చెప్పి నీళ్ళు వదులుతాం. చాలామందికి అది అయ్యవారు గబగబా చదివేస్తే తలూపే భాగం. మా అత్తకు అదే పూజంతా. "కడమదంతా ఆయన పేర్లు. మన మాట మనం చెప్పుకునేది ఇది ఒకటే. అందులోనే అబద్ధం చెప్తే ఇంకేముండాది?" అనేది. మా మందిరం అయ్యవారు మంచి మనిషి, కొంచెం మొహమాటస్థుడు. ఊరి చిరునామా చెప్పేటప్పుడు పక్కనున్న ఏటి పేరు చెప్పాలి గదా, ఆయన కూవం పేరు నోటికి రాక, కావేరికి ఉత్తరాన అని ఎక్కడో దూరం నుంచి చుట్టి తెచ్చేవాడు. అత్త ఒకరోజు ఆపింది.

"అయ్యవారూ, కావేరి ఈడికి ఎంత దూరం ఉండాది?"

"అదేందమ్మా, పుణ్యనది గదా అని..."

"పక్కింటోళ్ళ పేరు చెప్పేదానికి సిగ్గుపడి తంజావూరు చుట్టాల పేరు చెప్తారా? ముక్కు మూసుకోనైనా సరే, కూవం అనండి. కంపు మనం చేసిందే గానీ ఏరు చేసింది గాదే."

జనం నవ్వారు. అయ్యవారూ నవ్వి, ఆ రోజు నుంచి "కూవ నదీ తీరే" అని గొంతెత్తి చెప్పేవాడు. ఇప్పటికీ ఆ మందిరంలో అలాగే చెబుతారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఉలిక్కిపడతారు.

నాకు అప్పట్లో ఒక సందేహం ఉండేది. ఋతువుల పేర్లు మనవి కృష్ణా గోదావరుల వైపు కుదిరినట్టు ఇక్కడ కుదరవు. శ్రావణ మాసంలో "వర్ష ఋతౌ" అని అయ్యవారు చెబుతుంటే బయట దుమ్ము లేస్తుంటుంది, చెమటకు అక్షతలు అరచేతికి అంటుకుపోతాయి. మా వానలు ఆశ్వయుజం చివర, ఇక్కడివాళ్ళు అయిప్పసి అనే నెలలో, కార్తీకంలో గానీ రావు. అప్పుడు పిక్కలదాకా నీళ్ళలో నిలబడి "శరదృతౌ" అంటాం. తెల్లని మబ్బులూ పండువెన్నెలా పుస్తకాల్లో, మాకు మాత్రం మురుగునీళ్ళు. "మరి ఇది అబద్ధం కాదా అత్తా?" అని పట్టేశాననుకుని అడిగాను. ఆమె వత్తి చేస్తూ తల ఎత్తకుండా చెప్పింది: "ఋతువుకి పేరు పెట్టింది మనం గాదు, దాన్ని మార్చేది మన పని గాదు. మనం చేసిన పనికి పేరు మనమే పెట్టాల. అది సరిగ్గా పెడితే చాలు." అప్పుడు నాకది జవాబు తప్పించుకోవడంలా తోచింది.

ఆ మరుసటి ఏడు వానలు పడలేదు. అయిప్పసి ఉత్త ఎండతో వచ్చి వెళ్ళింది. వేసవికి బావులు ఇంకి, వీధి మొదట్లో నీళ్ళ లారీ కోసం రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు మనుషుల కన్నా ముందు వరసలో నిలబడేవి. మందిరం పెద్దలు కూడి, వానకోసం పర్వం చదివించాలన్నారు. పాండవులు మారువేషాల్లో తలదాచుకున్న ఆ పర్వాన్ని నియమంగా చదివితే వానలు పడతాయని మన తెలుగువాళ్ళకు తరాలనాటి నమ్మకం. చదవాల్సింది అత్తే. ఒంటిపూట తిని, చాప మీద పడుకుని, చివరి పద్యం దాకా చదివి మంగళం పాడింది. ఆ రోజు లారీ నీళ్ళతో కాచిన పాయసం నాకింకా గుర్తే. కొంచెం క్లోరిన్ వాసన, కొంచెం పచ్చకర్పూరం.

అదే వేసవిలో చిన్నాయన ఇంకో పని చేశాడు. మందిరం వెనక పాతకాలం నాటి వానకాలువ ఒకటి ఉండేది. మా వీధీ వెనక వీధీ కడుక్కున్న వాననీళ్ళు దాన్లోంచే కూవంలోకి పోయేవి. దాన్ని మట్టితో పూడ్చి, పైన పెళ్ళిళ్ళకు ఇచ్చే భోజనశాల కట్టించాడు. మందిరానికి ఆదాయమని కమిటీలో అందరూ చప్పట్లు కొట్టారు. అత్త ఆ మట్టి బండ్లను చూసి తమ్ముణ్ణి వాకిట్లోనే నిలదీసింది.

"నీళ్ళే లేని ఊర్లో నీళ్ళకి దోవ ఎందుకక్కా? ఎలకలు తిరిగేదానికా?" అని నవ్వాడు చిన్నాయన.

"ఏమిరా, వానని పిలవమని నన్ను ఆడ కూచోబెట్టినావు. అది వచ్చే దోవని ఈడ మూస్తా ఉండావు. చుట్టాన్ని రమ్మని చెప్పి తలుపు గడియ పెడతారా యాడైనా?"

"సరి సరి, వచ్చినప్పుడు చూస్తాంలే" అన్నాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టు అంటారే, ఆ మాట వానే లేని రోజుల్లో కూడా సరిపోతుందని అప్పుడు తెలిసింది.

వాన వచ్చింది. అయిప్పసిలో మొదట నాలుగు జల్లులు పడితే వీధంతా అత్తకు దండం పెట్టింది. "చదివింది గదా ఆయమ్మ, దిగొచ్చినాడు చూడు" అని లారీ దగ్గర కొట్లాడుకున్న ఆడవాళ్ళే పసుపు కుంకుమలు తెచ్చి, మర్యాదగా మా పిన్ని చేతికి ఇచ్చి, అత్త కాళ్ళకు మొక్కి పోయారు. తర్వాత సముద్రంలో వాయుగుండం పట్టింది. కుంభవృష్టి అన్న మాటకు అర్థం నేను ఆ వారంలో నేర్చుకున్నాను. వీధి నీళ్ళు ఎప్పటిలా మందిరం వెనక్కి పరుగెత్తి, కాలువ లేక, భోజనశాల గోడకు కొట్టుకుని వెనక్కి తిరిగాయి. మందిరంలో ఉత్సవ విగ్రహాల పీఠం దాకా, మా ఇంట్లో చిన్నాయన కాగితం రీముల దాకా, గోడ వారగా రేకుల ఇంట్లో ఉండే పూలావిడకు మాత్రం అటక దాకా వచ్చాయి. ఆమె పసిబిడ్డను చంకన పెట్టుకుని రాత్రంతా మందిరం మెట్ల మీదే నిలబడింది. పొద్దున అత్త ఆమెకు వేడి గంజి తీసుకుపోతే, గిన్నె అందుకోకుండా అన్న మాట నేను పక్కనుండి విన్నాను.

"నువ్వు చదివితివి, వాన వచ్చె. మా కొంప ముంచినావు గదమ్మా."

అత్త గంజి గిన్నె మెట్టు మీద పెట్టి ఇంటికి వచ్చేసింది. పూలావిడ మీద నాకు కోపం లేదు, అంతా పోగొట్టుకున్న మనిషి అది. కమిటీ ఆ మాటను పట్టుకోవడమే అన్యాయం. రెండు రోజుల్లో అది వీధంతా పాకింది. చదవడంలో ఏదో లోపం జరిగిందట, ఆడమనిషి పర్వం చదవకూడదట, చదివినా అంత గట్టిగా చదవకూడదట. ఈ చివరి మాట అన్నాయన కాగితాల కొట్టులోనే లెక్కలు రాసేవాడు. చిన్నాయన నోరు తెరిచి అవునని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఎక్కడి మట్టో వచ్చి మా అత్త పీట మీద పడింది. అతివృష్టి దోషానికి శాంతి హోమం చెయ్యాలి, అంతదాకా ఆమె పీట ఎక్కకూడదు, హోమం రోజు అందరి ముందు దణ్ణం పెట్టి తప్పయిందని చెబితే మళ్ళీ చదవచ్చు. ఇదీ కమిటీ తీర్పు. తీర్పు తెచ్చింది తమ్ముడే, అన్నం తింటున్న పళ్ళెం ముందు కూచుని.

హోమం రోజు కూడా చినుకు పడుతూనే ఉంది. మందిరంలో నీళ్ళు తీసి, తడి గోడల మధ్య ఇటుకలు పేర్చారు. చిన్నాయన దంపతులు పీటల మీద కూచున్నారు. అత్త ఆడవాళ్ళ వైపు స్తంభం పక్కన, నేను ఆమె వెనక. అయ్యవారు చిన్నాయన అరచేతిలో అక్షతలు పెట్టి నీళ్ళు పోసి మొదలుపెట్టాడు. కూవ నదీ తీరే అన్నాడు, శరదృతౌ అన్నాడు, "అతివృష్టి దోష..." అనబోయాడు.

"ఆపండి అయ్యవారూ" అంది అత్త. గట్టిగా కాదు, పురాణం చదివే గొంతుతోనే. "ఈతిబాధలు ఈతిబాధలని ఊరికే అంటా ఉంటారే, ఈతులు ఎన్నో ఎవురికన్నా తెలుసునా?"

అయ్యవారే నసిగాడు. "ఆరమ్మా."

"ఆమా, ఆరు. అతివృష్టి ఒకటి, అనావృష్టి ఒకటి. మిడతలు, ఎలకలు, చిలకలు. ఆరోది ఏందో నువ్వు చెప్పు తమ్ముడా."

చిన్నాయన అరచేతిలో అక్షతలు సర్దుకున్నాడు.

"దాపుకొచ్చి కూచున్న రాజులు. వాననీ ఎలకల్నీ చెప్పినోళ్ళు కడాన రాజుల్ని ఎందుకు పెట్టినారా అని ఇన్నాళ్ళు అనుకుంటా ఉంటిని. ఇప్పుడు తెలిసింది. ఈ వీధికి వచ్చింది మొదటి ఈతి గాదు, ఆరోది. వాన పైనుంచి రావడం ఆయన పని. అది మన ఇంట్లో నిలబడింది మన పని. నేను దణ్ణం పెడతా, తప్పయిందనీ చెప్తా, నాకేం బరువు? సంకల్పంలో మాత్రం జరిగింది చెప్పండి. కాలువ పూడ్చినాము, దానికి శాంతి అనండి. అప్పుడు పీట ఇచ్చినా సరే, ఇవ్వకపోయినా సరే."

అయ్యవారు నీళ్ళ చెంబు కింద పెట్టాడు. అటూ ఇటూ చూసి, పెదవుల్లోనే మాట కూర్చుకుని, దాదాపు వినపడకుండా అన్నాడు: "జలమార్గ నిరోధ దోష పరిహారార్థం." అని చిన్నాయన వైపు చూశాడు. తిరిగి పలకాల్సింది ఆయన. అరచేతిలో నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారి పంచె మీద పడుతున్నాయి.

"అక్కా, నలుగుర్లో నా పరువు తీస్తా ఉండావు."

"నలుగుర్లో పోయిన పరువు మళ్ళా వస్తుందిరా. ఆయన ముందర అబద్ధమాడి యాడికి పోతావు?"

చిన్నాయన చాలాసేపు అరచేతిని చూసుకున్నాడు. ఆ కాసేపూ ఆయన ఆ మాట పలుకుతాడనే నేను అనుకున్నాను. ఇప్పటికీ, పలికి ఉంటే ఎంత తేలికగా ఉండేదో అనుకుంటాను. "అతివృష్టి అనే చెప్పండి అయ్యవారూ" అన్నాడు. ఖాళీ అయిన చేతిలో మళ్ళీ నీళ్ళు పోశారు. అత్త లేచి, ఎర్రగుడ్డ పరిచిన పీట దగ్గరకు వెళ్ళి కళ్ళకు అద్దుకుని, చినుకుల్లోకి నడిచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమె ఆ మందిరంలో చదవలేదు. ఒక మగాయనను పిలిపించారు. ఆయన మైకులో చదివేవాడు, అర్థం చెప్పేవాడు కాదు.

అక్కాతమ్ముళ్ళు అదే ఇంట్లో ఉన్నారు. చారులో ఉప్పు గురించి తప్ప మాట్లాడుకునేవాళ్ళు కాదు. అత్త సాయంత్రాలు మా అరుగు మీద పుస్తకం పెట్టుకుని, ఎవరూ లేకపోయినా గొంతెత్తి చదివేది. గోడకు చెబుతున్నట్టు అర్థం కూడా చెప్పేది. కొన్నాళ్ళకు పూలావిడ వచ్చి మెట్టు మీద కూచోవడం మొదలుపెట్టింది. బిడ్డను ఒళ్ళో పడుకోబెట్టుకుని పూలు కడుతూ వినేది. లేచి వెళ్ళేటప్పుడు పుస్తకం మీద ఒక మూర పూలు పెట్టేది. ఒక రోహిణి కార్తెలో, రోళ్ళు పగిలే ఎండలో, అత్త వెళ్ళిపోయింది. తన అలవాటు ప్రకారం చెప్పాలంటే వెలిసింది. ఆ కాలువ మీది భోజనశాలలో ఎన్నో పెళ్ళిళ్ళు జరిగాయి. వాన గట్టిగా పడిన ప్రతి ఏడూ వీధి మునిగింది. ప్రతిసారీ వరుణుడే దోషి.

శాస్త్రం విన్నదాన్ని కనుక ఒక మాట స్పష్టంగా చెబుతాను. వాన దేవుడిది కాదని నేను అనను. గాలీ వానా ఆయన ఆజ్ఞే. అందుకే నాకు కోపం. తాపాలు మూడని చెప్పారు పెద్దలు. దైవం వల్ల వచ్చేది వేరు, సాటి ప్రాణుల వల్ల వచ్చేది వేరు, మనలో మనం రగుల్చుకునేది వేరు. వేరు వేరు పేర్లు పెట్టింది ఒకదాన్ని ఇంకొకదాని మీదికి తోసెయ్యకుండా ఉండడానికే. దేవుణ్ణి నమ్మని వాడు వానను తిడితే మబ్బును తిట్టినట్టు. నమ్మినవాళ్ళం తిడితే ఎవరిని తిట్టినట్టు?

ఆదివారం వెళ్ళాను. మా ఆయన రైలు పెట్టెల కర్మాగారంలో పనిచేసి రిటైరైన మనిషి. పూజల్లో ఎవరేం చెప్పమంటే అది చెబుతారు, పీట కాస్త ఎత్తుగా ఉంటే చాలు. రైలు దిగి, ఆటోవాడితో బేరమాడి, చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని మందిరం చేరాం. లోపల నీళ్ళు తీసేశారు, గోడల మీద తడిగీత ఎప్పటి ఎత్తులోనే ఉంది. చిన్నాయనను ప్లాస్టిక్ కుర్చీలో కూచోబెట్టి తెచ్చారు. మనిషి బాగా వంగిపోయాడు, చెవి దగ్గర అరిస్తే గానీ వినపడదు. అయ్యవారు ఇప్పుడు పాత అయ్యవారి కొడుకు. పీటల మీద కూచోగానే అతని చెవిలో చెప్పాను: "స్వామీ, అతివృష్టి వద్దు. కాలువ పూడ్చిన దోషం అనండి. లేకపోతే నేను లేచి పోతాను."

అతను నా మొహం చూశాడు. "మా నాయన ఒకసారి ఆ ముక్క కట్టినాడంటమ్మా. ఎవురూ పలకలేదంట. పోయేదాకా చెప్తా ఉన్నాడు" అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. కూవ నదీ తీరే. శరదృతౌ. బయట వాన. "జలమార్గ నిరోధ దోష పరిహారార్థం." మా ఆయన అమాయకంగా పలికారు, నేను కావాలని పలికాను. మందిరంలో గుసగుసలు లేచాయి. వీడియో తీస్తున్న కమిటీ కుర్రవాడొకడు ఫోను దించి చూశాడు. అప్పుడు కుర్చీలోంచి చిన్నాయన చెయ్యెత్తాడు.

"వినపళ్ళేదు. ఇంకొకసారి చెప్పు పాపా."

ఆయనకు నిజంగా వినపడలేదో, అందరికీ వినపడాలనుకున్నాడో నాకు తెలియదు. అడగలేదు కూడా. ఈసారి అత్త గొంతు తెచ్చుకుని, పురాణం చదివినట్టు చదివి, తెలుగులో అర్థం కూడా చెప్పాను: "కాలువ పూడ్చినాము. దానికి." చిన్నాయన రెండు చేతులూ దోసిలి పట్టినట్టు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. ఆ దోసిట్లో నీళ్ళు లేవు, పెదవులు మాత్రం కదిలాయి. నేను నీళ్ళు వదిలాను.

భోజనశాల అక్కడే ఉంది. హోమం ముగిశాక మమ్మల్ని అందులోనే కూచోబెట్టి పొంగలి పెట్టారు. నేల కింద కాలువ ఉండాల్సిన చోట కాళ్ళకు చల్లగా తగిలింది. వాన ప్రతి ఏడూ తన కాలానికి తాను వచ్చి వెళుతూనే ఉంది. ఆలస్యమైంది మా నోటి మాటే. కూవం ఒడ్డున అది ఒక్కసారి కురవడానికి, ఆ మాట అడిగిన మనిషి వెలిసిపోయేంత కాలం పట్టింది.